గృహారోగ్యము: మాస్కు వెనుకటి దాహము



ఈ మాసము మాకు వచ్చిన లేఖలలో తొర్రూరునుండి యొక తల్లి వ్రాసినది మమ్ము చాల నాలోచింపజేసినది. ఆమెకు ఇరువురు కుమార్తెలు. పెద్దమ్మాయి వరంగల్లులో నొక ఆసుపత్రియందు ఆపరేషను గదిలో నర్సుగా నున్నది. తెల్లవారకముందే లేచి, వర్ధన్నపేట మీదుగా పోవు బస్సు పట్టుకొని, సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణము చేసి పనిలో జేరును. చిన్నమ్మాయి హైదరాబాదు శివారున ఇంజెక్షను మందులు సీసాలలో నింపు కర్మాగారమున పనిచేయుచు హాస్టలులో నుండును. "పెద్దదానికి ఈ యేడాది మూడుమార్లు మూత్రపు మంట వచ్చింది. చిన్నది పండుగకు వచ్చినప్పుడు చూస్తే పెదవులు పగిలి, మొగము పాలిపోయి ఉంది. నీళ్లు తాగవేమే అంటే, 'తాగితె బయటికి పోవాలె గదమ్మా, ఆడ మాటిమాటికి పోరాదు' అంటది. ఇటువంటి పని చేసే పిల్లలకు ఏమి పెట్టాలె, ఎప్పుడు పెట్టాలె? శనివారము ఒక్కపొద్దులు మాన్పించాల్నా?" అని యా తల్లి యడిగినది.

ఇది యొక యింటి ప్రశ్న గాదు. నేడు మన జిల్లాలనుండి నర్సులుగను, ప్రయోగశాలలలో పనివారుగను, మందుల కర్మాగారములలో నుద్యోగినులుగను పోవు యువతులు వేలకొలది యున్నారు. వారి పని యెట్టిదో యింటిలోని పెద్దలకు దెలియదు. తెలియని కారణమున, పిల్ల తిన్న గిన్నె చూచి యూరడిల్లుదుము గాని, పగలంతయు నామె గొంతు తడిసినదో లేదో యడుగము.

ముందుగా ఆ గదుల సంగతి చెప్పెదము. మన పెద్దమ్మలు మడి గట్టుకొని వంట చేయుట చదువరులలో ననేకులు చూచియుందురు. తడియార్చిన వస్త్రము గట్టి, ఎవరిని ముట్టక, వంటయై నైవేద్యమైనదాక మంచినీరైన త్రాగక నిలుచుండెడివారు. నేటి ఆపరేషను గదియు, ఇంజెక్షను మందులు నింపు గదియు నొకవిధమైన మడి గదులే. భేద మేమనగా, ఈ మడి కంటికి గానరాని క్రిములను గూర్చినది, దీనికి కొలతలు గలవు. లోనికి బోవు గాలిని సన్నని జల్లెడలవంటి యంత్రములగుండ వడగట్టి పంపుదురు. ఇట్టి గదిని నేటి రూపమున 1960 ప్రాంతమున అమెరికాలో విల్లిసు విట్‌ఫీల్డు అను శాస్త్రజ్ఞుడు కల్పించెను. ఆ గదిలో నన్నిటికంటె మురికి పుట్టించు వస్తువు ఏదనగా, మనిషియే. మన చర్మమునుండి పొరలు రాలుచుండును, మాటలాడినప్పుడు తుంపరలు వెడలును, నమలినప్పుడు మరింత వెడలును. అందుచేత తల మొదలు కాలివఱకు కప్పు దుస్తులు, మాస్కు, చేతి తొడుగులు. గాజులు, ఉంగరములు, పూలు, కాటుక, పౌడరు ఏవియు లోనికి రాగూడదు. మందుల తయారీకి మన దేశమున ప్రమాణములు విధించు షెడ్యూలు ఎం అను నియమావళిని 2023 డిసెంబరులో సవరించిరి. అందు తయారీ గదులలో తినుట, త్రాగుట, నమలుట నిషిద్ధమని స్పష్టముగా నున్నది. ఆ నిషేధము న్యాయమైనదే. సీసాలో నింపెడి మందు రేపొక పసిబిడ్డ నరములోనికి బోవును. కావున "లోపల నొక నీళ్లసీసా దాచుకొనుము" అని ఏ తల్లియు బిడ్డకు జెప్పరాదు.

అయితే చిక్కు నిషేధములో లేదు, దానిచుట్టు నున్నది. ఆ దుస్తులు వేసికొనుటకే చాల సేపు పట్టును. బయటికి వచ్చినచో నన్నియు విడిచి, మరల చేతులు కడుగుకొని, క్రొత్తవి తొడుగుకొనవలెను. ఒకరు వెలుపలికి పోయినంతసేపు వారి పని మఱియొకరు చూడవలెను. ఇన్ని యాలోచించి ఆడపిల్ల యేమి చేయును? ఉదయమునుండియే నీరు మానును. మూత్రమునకు పోనక్కఱలేకుండ నుండుటకు దాహమునే చంపుకొనును. ఋతుదినములలో నిది మఱియు నెక్కువ. నాలుగైదు గంటలకొకసారి గుడ్డ మార్చుకొను నవకాశము లేక, ఆ దినములందు కొందఱు అన్నము సైతము తగ్గింతురు. 2020లో కరోనా వ్యాపించినపుడు, సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి మొదలు దేశమందలి ఆసుపత్రులన్నిటను నర్సులు రక్షణ దుస్తులలో గంటల తరబడి నీరు లేక పనిచేసిరి. కొందఱు పెద్దవారి డైపరులు ధరించి నిలిచిరని అప్పుడు పత్రికలలో చదివి మనము వారిని కొనియాడితిమి. కొనియాడుట మంచిదే. కాని ఆపత్కాలములో చేసినది నిత్యవ్రతము గారాదు. పెద్దమ్మల మడియందు వలెనే, ఇచటను దాహమునకోర్చుట యొక ఘనతయని భావించు నలవాటు మన స్త్రీలలో నున్నది. అది మాకు నచ్చదు.

ఇంకొక మోసము గలదు. ఆ గదులు చల్లగా నుండును. చల్లదనములో దాహము సరిగా తోపదు. కాని గాలి దూరని దుస్తులలోపల ఒడలు చెమర్చుచునే యుండును, ఊపిరితో నీరు పోవుచునే యుండును. సాయంత్రమునకు తలనొప్పి, విసుగు, కాళ్ల పీకుడు. "పని యలసట" యని యనుకొందురు. శరీరపు బరువులో నూటికి రెండు వంతుల నీరు తగ్గినచో అవధానము సన్నగిల్లునని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. యాబది కిలోల మనిషికి అది యొక లీటరు మాత్రమే. కత్తెరలు, దూదియుండలు లెక్కించి యప్పగించవలసిన నర్సునకు అవధానము తగ్గుట రోగికిని క్షేమము గాదు.

ఇక మూత్రపు మంట. స్త్రీల శరీరములో మూత్రము వెడలు నాళము చాల పొట్టిది. సుమారు నాలుగు సెంటిమీటర్లు. క్రిములు పైకి బోవుట సులభము. మూత్రము తఱచుగ వెడలుచుండిన నవి కొట్టుకొనిపోవును. నిలిచియున్న నచటనే వృద్ధి జెందును. నీరు త్రాగుటవలన నిజముగ మేలు కలదా యని కొందఱకు సందేహము. 2018లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, తఱచు ఈ బాధ వచ్చుచు, తక్కువ నీరు త్రాగు 140 మంది స్త్రీలను రెండు భాగములు చేసి, ఒక భాగమువారిచేత దినమునకు ఒకటిన్నర లీటరు నీరు అదనముగా త్రాగించిరి. ఏడాదిలో వారికి సగటున 1.7 మార్లు బాధ రాగా, రెండవవారికి 3.2 మార్లు వచ్చినది. మందు లేదు, ఖర్చు లేదు. నీరే సగము బాధను దప్పించినది.

తొర్రూరు తల్లికి ఇచట నొక మాట ప్రత్యేకముగ. ఏడాదిలో మూడుమార్లు వచ్చినదానిని వైద్యులు "మాటిమాటికి వచ్చు వ్యాధి" క్రిందనే లెక్కింతురు. ధనియాల నీరు, బార్లీ నీరు ఇచ్చి యూరకుండవలదు. మూత్రమును క్రిముల పరీక్షకు బంపి, ఏ మందునకు లొంగునో చూడవలెను. రక్తములో చక్కెరయు చూపింపవలెను. చలిజ్వరము, నడుము ప్రక్కల నొప్పి, వాంతులు గలిగిన ఆ దినమే వైద్యునికడకు గొనిపోవలెను. మందుల దుకాణములో పాతచీటీ చూపి మాత్రలు కొనుట కూడదు.

ఎంత త్రాగవలెను? హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. అది 1918లో కూనూరున మెకారిసన్ దొర చేతిమీద నొక చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో నీ పేరు దాల్చినది. ఆరోగ్యవంతులకు దినమునకు సుమారు ఎనిమిది గ్లాసులు, అనగా రెండు లీటర్ల నీరు కావలెనని వారి సూచన. వేసవిలో నింకను హెచ్చు. గుండె, మూత్రపిండముల జబ్బులు గలవారు మాత్రము తమ వైద్యుడు చెప్పినంతయే త్రాగవలెను.

ఎంత యనుదానికంటె ఎప్పుడు అనునదియే ఈ పిల్లలకు ముఖ్యము. గదిలోనికి పోవు ముందు ఒక్కసారిగా లీటరు నీరు పోసికొన్నచో, గంటలో నదియంతయు మూత్రమై బాధించును. "చూచితివా, త్రాగితే నిట్లగును" అని పిల్ల మరల మానివేయును. నీటిని విడదీసి త్రాగవలెను. లేవగానే యొక గ్లాసు, స్నానమైన పిదప నొక గ్లాసు. బస్సెక్కు ముందు ఒకసారి పోయిరావలెను. బస్సులో గొంతు తడుపుకొనుట చాలును. ఆ దారిలో ఆడవారికి పాయఖానా దొరకుట యెంత కష్టమో మన కందఱకు దెలిసినదే. ఆసుపత్రి చేరి, దుస్తులు మార్చుకొనుటకు అరగంట ముందు ఒక గ్లాసెడు చల్లయో అంబలియో త్రాగి, సరిగా తొడుగుకొను ముందు మరల పోయిరావలెను. దీనితో రెండు మూడు గంటలు నిశ్చింత.

ఆపైన నర్సులు తెలిసికొనవలసిన సూక్ష్మ మొకటి కలదు. ఒక ఆపరేషను ముగిసి రెండవది మొదలగు నడుమ, చేతి సహాయము చేయు నర్సు ఎటులైనను పై వస్త్రమును, తొడుగులను విడిచి క్రొత్తవి వేసికొనవలసినదే. ఆ విరామములో వెలుపలి గదిలో నొక గ్లాసు నీరు త్రాగి, మూత్రమునకు పోయి, చేతులు కడుగుకొని వచ్చినచో ఒక్క గుడ్డయైన అదనముగా వ్యర్థము గాదు. "మరల మార్చుకొనవలెను గదా" యను భయము ఇచట వర్తింపదు. కర్మాగారపు పిల్లకు విరామము గంట ప్రకారము వచ్చును. ఆమె ఆ గంటను కబుర్లకు, ఫోనునకు గాక ముందు నీటికి వినియోగింపవలెను. పని ముగిసి యింటికి వచ్చిన పిమ్మట బాకీ తీర్చినట్లు రాత్రి చెంబులకొలది త్రాగుట నిద్ర చెడుపు. మధ్యాహ్నము నుండియే కొంచెము కొంచెముగా తీర్చుకొనవలెను. సరిపోయినదో లేదో తెలిసికొనుటకు వైద్యుడక్కఱలేదు: మూత్రము లేత గడ్డి రంగున నున్న చాలినట్లు, చిక్కని పసుపున నున్న చాలనట్లు. బలము మాత్రలు వేసికొన్న దినమున పసుపు వచ్చుట వేఱు సంగతి.

ఆహారమునకు వత్తము. వేకువ నేమియు తినక, ఆసుపత్రి క్యాంటీనులో టీయు రెండు బిస్కత్తులును పదిగంటలకు తిని, మూడుగంటలకు చల్లారిన అన్నము తినుట మన నర్సులలో చాలమంది పద్ధతి. టీ త్రాగినచో ఒంటిలో నీరెండిపోవునని కొందఱందురు. ఒకటి రెండు కప్పులవలన నట్లు గాదు. దాని దోషము వేఱు: భోజనముతో కలిపి త్రాగిన, అన్నములోని యినుమును రక్తమునకు పోనీయదు. తెలంగాణమున 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తము తక్కువయని 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే తేల్చినది. చిన్నమ్మాయి పాలిపోయినదన్న మాటకు నీరొక్కటియే కారణమని మే మనజాలము. ఆమెకు రక్తపరీక్ష చేయింపుడు. తక్కువయున్నచో ఇనుపమాత్రలు వైద్యుడిచ్చును. టీని భోజనమునకు గంట యెడముగ బెట్టి, తోటకూర పప్పుమీద నిమ్మచెక్క పిండుకొన్న, ఆ యినుము హెచ్చుగా ఒంటబట్టును.

వేకువజామున గట్టి భోజనము దిగదు, నిజమే. అట్టివారికి మన తైదల అంబలిని మించినది మాకు గానరాదు. కోస్తావారు రాగులందురు, మనము తైదలందుము, గింజ యొక్కటే. నూరు గ్రాముల తైదలలో 300 మిల్లీగ్రాములకు మించి సున్నపు ధాతువు గలదు. రాత్రి రెండు పెద్ద చెంచాల పిండిని చన్నీట కలిపి, మరుగుచున్న రెండు గ్లాసుల నీట పోసి, ఉండకట్టకుండ గలియబెట్టి యుడికించి, చల్లార్చి మూతబెట్టవలెను. ఉదయము గ్లాసెడు పలుచని చల్ల, చిటికెడు ఉప్పు, నూరిన జీలకఱ్ఱ చేర్చిన సిద్ధము. ఇందు నీరును ఆహారమును రెండు నున్నవి. దానితో నొక యుడికించిన గ్రుడ్డు, గ్రుడ్డు తిననివారికి గుప్పెడు ఉడికించిన పెసలో బొబ్బర్లో పెట్టుడు. మధ్యాహ్నపు సద్దికి జొన్నరొట్టె, పప్పు, కూర, పెరుగు. విరామము చిన్నదైన దినమునకు సంచిలో పల్లీపట్టీయో నువ్వుల యుండయో వేసి పంపుడు. అటుకులు, బిస్కత్తులవలె పొడిరాలునవి తిన్న వెంటనే నోరు పుక్కిలించి, మొగము తుడుచుకొని లోనికి పోవలెను. ఉల్లి, వెల్లుల్లి కారము రుచియే గాని, మాస్కు గట్టుకొన్న పిమ్మట నాల్గు గంటలు మనకే తోడుండును! చిక్కుడు, శనగలు కడుపుబ్బరించు తత్వముగలవారు వానిని రాత్రికి ఉంచుకొనుట మేలు.

దుకాణపు పానీయములగూర్చి యొక హెచ్చరిక. ఓఆర్‌ఎస్ అనునది విరేచనములలో ప్రాణము నిలుపు మందు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన కొలత ప్రకారము లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే, మఱి రెండు లవణములతో గూడ. ఆ పేరు తగిలించి చక్కెర పానీయములను డబ్బాలలో నమ్ముచుండిరి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు దీనిపై ఏండ్ల తరబడి పోరాడిరి. తుదకు 2025 అక్టోబరు 14న ఆహార ప్రమాణముల సంస్థ, ఆ కొలతకు సరిపడని యే పానీయముపైనను ఓఆర్‌ఎస్ అను పేరు వాడరాదని యుత్తరువు చేసినది. ఒక స్త్రీ పట్టుదల యెంతపని చేయునో చూడుడు. ఆరోగ్యముగ నున్న పిల్లకు పనిదినమున నిజమైన ఓఆర్‌ఎస్ సైతము నిత్యము అక్కఱలేదు. మంచినీరు, చల్ల, చక్కెర తక్కువగ వేసిన నిమ్మనీరు చాలును.

తల్లులు ఇంట నెంత చేసినను, పనిచోట నీరు, పాయఖానా, విరామము లేనిచో ఫలమేమి? 1948 నాటి కర్మాగారముల చట్టమే మంచినీరు సౌకర్యమైన చోట నుండవలెననియు, 250 మందికి మించిన చోట వేసవిలో చల్లని నీరియ్యవలెననియు, ఐదు గంటలకు మించి విరామము లేక పని చేయింపరాదనియు విధించెను. దాని స్థానమున 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన వృత్తిభద్రతా స్మృతియందును మంచినీరు యజమాని కర్తవ్యములలోనిదే. కావున విరామ మడుగుట గొంతెమ్మ కోరిక గాదు. ఒక్కతె యడుగుటకు జంకినచో, నలుగురు కలిసి పెద్ద నర్సునకు చెప్పుకొని, ఒకరి తరువాత నొకరు పోయివచ్చునట్లు వంతులు వేసికొనవచ్చును.

శుభ్రత కొఱకు పనివారి శరీరము నలగక తప్పదని వాదించువారికి ఒక కథ చెప్పవలెను. ఆపరేషనులలో రబ్బరు తొడుగులు మొదట వచ్చినది రోగి కొఱకు గాదు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రియందు కారొలిన్ హాంప్టను అను నర్సు చేతులు అచటి ఘాటైన క్రిమినాశక ద్రావకములవలన పొక్కిపోయెను. 1889–90 చలికాలమున శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ఆమె కొఱకు రబ్బరు కంపెనీచేత పలుచని తొడుగులు చేయించెను. తరువాత నాయన ఆమెనే పెండ్లాడెననుకొనుడు. అది వేఱు ముచ్చట. ఆ తొడుగులే పిదప రోగులను క్రిములనుండి కాపాడు సాధనములైనవి. పనిచేయు స్త్రీ బాధను చూచి చేసిన యేర్పాటు రోగికిని రక్షయైనది. నేడు నీటి విరామమును గూర్చి యాసుపత్రుల పెద్దలు అట్లే యేల యోచింపరాదు?

ఇక ఒక్కపొద్దు మాట. భక్తిని మేము కాదనము. కాని నీరు సైతము ముట్టని యుపవాసము, ఆ గదిలో పని యున్న దినమున, ముఖ్యముగా మూత్రవ్యాధి వచ్చిన పిల్లకు, తగదు. నీరు, పాలు, చల్ల, పండ్లు పుచ్చుకొను ఒక్కపొద్దైనచో, రాత్రి పలహారము గట్టిగా పెట్టి, తెల్లవారి నీటి నియమము తప్పక సాగనీయవచ్చును. అదియు గర్భిణులకు, రక్తము తక్కువయున్నవారికి వలదు. వారి వంతు ప్రతివారము మారుచుండును గదా. శనివారము సెలవు పడిన వారమున ఉండి, పని పడిన వారమున మానుటకు పెద్దదానిని ఒప్పింపుడు. చిన్నమ్మాయి హాస్టలులో నేమి చేయుచున్నదో ఈసారి ఫోనులో నడిగినప్పుడు, తిన్నావా యని గాక, ఈ పూట ఎన్ని గ్లాసులు త్రాగితివని యడుగుడు.